మీ అక్క సాయం అడగలేదని ఎవరన్నారు?

అక్కకు చదువుంది, ఉద్యోగముంది, అయినా ఆ ఇంట్లోనే ఎందుకు పడి ఉంటోంది, ఎవరినీ సాయం ఎందుకు అడగదు అని మీరు అడిగారు. బావ చెయ్యి చేసుకుంటాడని తనే ఒకసారి ఫోన్లో చెప్పిందనీ, మీరు వెంటనే "బట్టలు సర్దుకుని వచ్చెయ్" అన్నారనీ రాశారు. రెండ్రోజులకే "అదేం లేదే, ఏదో చిరాకులో అన్నాను" అని మాట మార్చిందట. ఇప్పుడు మీ ఫోన్ కూడా ఎత్తడం లేదు. చివర్లో రెండు సందేహాలు పెట్టారు. తనకు ఇష్టమయ్యే ఉంటోందా? అమ్మానాన్నలకు చెప్పెయ్యనా?

ఇంట్లో హింస పడుతున్న ఆడవాళ్ళతో కౌన్సెలర్‌గా చాలా ఏళ్ళ నుంచి పనిచేస్తున్నాను. అమ్మానాన్నల సంగతి చివర్లో చెప్తాను. ముందు అసలు విషయం. మీ అక్క సాయం అడిగింది. మిమ్మల్నే అడిగింది. అది అడగడమని మీకు తెలియలేదు, అంతే. చాలామందికి తెలియదు.

సాయం అడగడం అనగానే పోలీస్ స్టేషన్ మెట్లెక్కడమో, పెట్టె పట్టుకుని గుమ్మం దిగడమో మన కళ్ళ ముందు కదుల్తుంది. దెబ్బలు తినే మనిషి అక్కణ్ణుంచి మొదలుపెట్టదు. ముందు తడిమి చూస్తుంది. "మీ ఆయనకి కూడా కోపం ఎక్కువేనా?" అని స్నేహితురాల్ని అడుగుతుంది. డాక్టర్ దగ్గరికెళ్ళి నిద్ర పట్టడం లేదంటుంది. ఆఫీసులో ఎవరితోనో "ఈయన ఈమధ్య మరీ చిరాగ్గా ఉంటున్నారు" అని నవ్వుతూ అనేసి, ఆ నవ్వు వెనక ఎదుటివాళ్ళ మొహం చూస్తుంది. మా దగ్గరికొచ్చినప్పుడు కూడా చాలామంది మొదటి మాట "నాక్కాదండీ, మా ఫ్రెండ్‌కి" అనే. ఒకామె పిల్లాణ్ణి వేరే స్కూల్లో వేయాలంటే తండ్రి సంతకం తప్పనిసరా అని కనుక్కోడానికి వచ్చింది. ఆ కాగితాల గురించే చాలాసేపు మాట్లాడింది. అన్నీ సంచీలో పెట్టుకుని, లేచి, తలుపు గడియ మీద చెయ్యి వేసి, అటు తిరిగే అడిగింది: "ఒకవేళ తండ్రికి తెలియకుండా మార్చాల్సొస్తే?" ఆమె వచ్చిందే ఆ ఒక్క మాట కోసం. అప్పటిదాకా మాట్లాడిందంతా నేనెలాంటిదాన్నో చూసుకోడానికి.

ఇలా తడిమేటప్పుడు ఆమెకు కావల్సింది పరిష్కారం కాదు. చెప్తే ఏమవుతుందో తెలియాలి. ఎదుటి మనిషి నమ్ముతుందా, గాభరా పడుతుందా, ఆయన దగ్గరికెళ్ళి నిలదీస్తుందా, పదిమందికీ చాటుతుందా? "ఏ కాపురంలో లేవమ్మా గొడవలు", "ముందు నువ్వేమన్నావ్?", "ఆయనా? అంత మెత్తగా మాట్లాడతారే!" అన్న జవాబులొస్తే ఇక ఆ మనిషి దగ్గర నోరు విప్పదు. ఇంకో నాలుగు చోట్ల ఇదే జరిగితే ఎక్కడా విప్పదు. బయటివాళ్ళకు కనిపించేది ఆ చివరి మౌనం మాత్రమే. దాన్ని చూసి "ఎవరికీ చెప్పుకోలేదు, పాపం" అనో, "ఆమెకే పట్టనప్పుడు మనకెందుకు" అనో అనుకుంటారు.

దీనికి పాతకాలం వివరణ ఒకటుంది, ఇప్పటికీ చాలామంది నోట వినిపిస్తుంది. 1960ల చివర్లో అమెరికాలో మార్టిన్ సెలిగ్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు కుక్కల మీద ప్రయోగాలు చేశారు. తప్పించుకునే వీల్లేకుండా కరెంటు షాకులు తిన్న కుక్కల్లో చాలావాటికి, తర్వాత దారి తెరిచిపెట్టినా కదలిక లేదు. 'నేర్చుకున్న నిస్సహాయత' అని దానికి పేరు పెట్టారు. 1979లో లెనోర్ వాకర్ అనే మరో మనస్తత్వ శాస్త్రవేత్త దాన్నే భర్త చేతిలో దెబ్బలు తినే భార్యలకు అన్వయించింది. భార్య ఎందుకు వెళ్ళిపోలేదో కోర్టులకు వివరించడానికి ఆ మాట పనికొచ్చింది, కాదనను. కానీ అదే మాట జనంలోకి వచ్చేసరికి "వీళ్ళ మనసు చచ్చిపోతుంది, చెప్పినా వినరు" అన్న అర్థం తెచ్చుకుంది. 1988లో ఎడ్వర్డ్ గోండాల్ఫ్, ఎలెన్ ఫిషర్ అనే ఇద్దరు పరిశోధకులు టెక్సస్‌లోని షెల్టర్ హోమ్‌లకు వచ్చిన 6,000 మందికి పైగా స్త్రీల వివరాలు పరిశీలించారు. తేలిందేమిటంటే, హింస ముదిరేకొద్దీ ఆ ఆడవాళ్ళు సాయం కోసం చేసిన ప్రయత్నాలు కూడా పెరిగాయి. ఇల్లు కదలలేక, చేతకాక కూర్చున్నవాళ్ళు కాదు వాళ్ళు. చేతులెత్తేసింది వాళ్ళు తట్టిన తలుపుల వెనకున్నవాళ్ళు. నేను రోజూ చూసేదీ అదే.

(సెలిగ్‌మన్ కథకు కొసమెరుపు ఒకటుంది. 2016లో ఆయనా, తొలి ప్రయోగాల్లో తోడున్న స్టీవెన్ మేయరూ తమ సిద్ధాంతాన్ని తామే తిరగేశారు. విడవకుండా బాధ పెడితే కదలకుండా పడుండటం మెదడుకు పుట్టుకతో వచ్చిన తీరేనట, ఎవరూ నేర్పక్కర్లేదు. నేర్చుకోవాల్సింది 'ఇందులో కొంత నా చేతిలోనూ ఉంది' అన్నదాన్నట. మా పనిలో ఈ మాట నాకు భలే ఉపయోగపడింది.)

మీ అక్క ఒక్కర్తే ఇలా లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 10 దేశాల్లో 24,000 మందికి పైగా స్త్రీలతో మాట్లాడి 2005లో ఒక అధ్యయనం వెలువరించింది. భర్త లేదా సహచరుడి చేతిలో దెబ్బలు తిన్నవాళ్ళలో, ప్రాంతాన్ని బట్టి, 55 నుంచి 95 శాతం దాకా పోలీసుల దగ్గరికి గానీ, ఆస్పత్రికి గానీ, మరో సంస్థకు గానీ సాయం కోసం వెళ్ళనేలేదు. కొన్ని చోట్ల ప్రతి ముగ్గురిలో ఇద్దరు ఆ సర్వేకి వచ్చినామెకు చెప్పేదాకా ఏ ఒక్కరికీ చెప్పలేదు. ముక్కూ మొహం తెలియని మనిషి వచ్చి, పక్కన ఎవరూ లేకుండా చూసి, సూటిగా అడిగితే చెప్పారు! ఎందుకు వెళ్ళలేదంటే ఎక్కువమంది చెప్పిన కారణం: "ఇది మామూలే", "అంత పెద్ద విషయం కాదు". తర్వాత భయం, సిగ్గు, పిల్లలు దూరమవుతారేమోనన్న బెంగ, ఇంటి పరువు. వెళ్ళినవాళ్ళు ఎప్పుడు వెళ్ళారంటే, ఇక ఓర్చుకోలేనప్పుడు, బాగా గాయపడ్డప్పుడు, పిల్లల మీదికి వచ్చినప్పుడు.

"అంత పెద్ద విషయం కాదు" అనేదాన్ని తేలిగ్గా తీసుకోకండి. హింస మొదటిరోజే చెంపదెబ్బతో రాదు. ఎవరితో ఫోనన్న ఆరాతో వస్తుంది, ఫలానా స్నేహితురాలు నచ్చలేదన్న మాటతో వస్తుంది, ప్రేమ ఎక్కువై అడుగుతున్నాడేమో అనిపిస్తుంది. తర్వాత తలుపు దడేల్న వేయడం, ఆ తర్వాత గ్లాసు గోడకేసి కొట్టడం, భుజం పట్టి నెట్టడం. ప్రతి మెట్టూ కింది మెట్టుకన్నా కాస్తే ఎత్తు. నెట్టినప్పుడు "కొట్టలేదు కదా" అనుకుంటుంది, కొట్టినప్పుడు "ఆస్పత్రి దాకా వెళ్ళలేదు కదా" అనుకుంటుంది. హింస అంటే ఇంకెవరికో జరిగేది, పేపర్లో ఫొటోతో వచ్చేది. "నేను ఆ కోవలోకి రాను" అని ఎముక విరిగి వచ్చినామె కూడా నాతో అంది.

ఇక చదువూ ఉద్యోగమూ. మీకు ఇదే మింగుడు పడటం లేదని అర్థమైంది. ఉద్యోగం ఉండటం వేరు, జీతం చేతిలో ఉండటం వేరు. జీతం పడే ఖాతా పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంది? ఇంటి లోన్ ఎవరి పేరు మీదుంది? ఫోన్లో లొకేషన్ ఎవరికి కనిపిస్తుంది? ఆఫీసు నుంచి అరగంట ఆలస్యమైతే ఎవరికి జవాబు చెప్పాలి? అమెరికన్ పరిశోధకుడు ఎవాన్ స్టార్క్ చాలాకాలం మొత్తుకున్నది ఇదే. దెబ్బలు ఎన్ని అని లెక్కపెడుతూ కూర్చుంటే అసలు సంగతి చేజారిపోతుంది, ఆమె ఊపిరి తీసుకోడానికి ఎంత జాగా మిగిలిందో చూడమన్నాడు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2015 డిసెంబరు నుంచి ఇలాంటి నియంత్రణే, ఒక్క దెబ్బ పడకపోయినా, శిక్షపడే నేరం. గరిష్ఠంగా ఐదేళ్ళ జైలు. చదువుకున్న ఆడవాళ్ళకు ఇంకో బరువు కూడా ఉంటుంది: "ఇంత తెలిసిన నేను ఇలా ఎలా పడి ఉన్నాను?" అన్న సిగ్గు. నలుగురికీ సలహాలు చెప్పే స్థానంలో ఉన్నవాళ్ళు, టీచర్లు, లాయర్లు, నర్సులు, మా దగ్గరికి అందరికన్నా ఆలస్యంగా వస్తారు.

"ఇష్టమయ్యే ఉంటోందా?" అన్నారు. ఆయనంటే ఇష్టం ఉండొచ్చు. అందులో వింతేం లేదు, సిగ్గుపడాల్సిందీ లేదు. ఇరవై నాలుగ్గంటలూ కొట్టే మనిషైతే వదిలెయ్యడం తేలికే. కొట్టిన మర్నాడు గాయానికి మందు రాసేదీ అతనే, పిల్లాడికి జ్వరమొస్తే రాత్రంతా కూర్చునేదీ అతనే. 1981లో డోనాల్డ్ డటన్, సూజన్ పెయింటర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు గమనించింది ఇదే. బలం ఒకరి చేతిలోనే ఉండి, దెబ్బా దయా వంతులవారీగా వస్తుంటే, అక్కడ పుట్టే బంధం మామూలు బంధంకన్నా గట్టిగా బిగుసుకుంటుంది. ఆమె ఎదురుచూసేది ఆ మంచి రోజుల మనిషి తిరిగొస్తాడని. ఆ మనిషి అప్పుడప్పుడూ వస్తూనే ఉంటాడు కూడా. మీరు బావని తిడితే ఆమెకు వినిపించేది "నువ్వు తెలివితక్కువదానివి" అనే. అందుకే వెంటనే అతన్ని వెనకేసుకొస్తుంది.

ఇప్పుడు "వెంటనే వచ్చెయ్" సంగతి. నాకు తెలిసి ఈ విషయంలో ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. బయటికొస్తే బతికిపోయినట్టే అనుకుంటాం. చాలాసార్లు ప్రమాదం బయటికొచ్చే రోజుల్లోనే పెరుగుతుంది. జాక్వెలిన్ క్యాంప్‌బెల్ అనే నర్సింగ్ ప్రొఫెసర్ బృందం అమెరికాలోని 11 నగరాల్లో సహచరుల చేతిలో హత్యకు గురైన స్త్రీల కేసుల్ని పరిశీలించి 2003లో ఫలితాలు వెలువరించింది. అదుపులో పెట్టుకునే స్వభావమున్న మనిషి నుంచి విడిపోవడం, అతని చేతికి తుపాకీ అందుబాటులో ఉండటం, చంపుతానని బెదిరించి ఉండటం, ఇవన్నీ ప్రాణానికి ముప్పు పెంచే అంశాలుగా తేలాయి. అదే సమాచారంతో 2008లో వచ్చిన మరో విశ్లేషణలో, అంతకుముందు ఎప్పుడైనా గొంతు నులిమి ఉంటే తర్వాత హత్య జరిగే అవకాశం ఏడు రెట్లకు పైగా ఎక్కువని బయటపడింది. 2023లో ప్రపంచం మొత్తం మీద దాదాపు 51,100 మంది స్త్రీలు, బాలికలు సహచరుల చేతిలోనో కుటుంబసభ్యుల చేతిలోనో చనిపోయారని ఐక్యరాజ్యసమితి అంచనా. రోజుకి 140 మంది.

ఈ అంకెలు మీ అక్క చూసి ఉండదు. ఆమెకు అక్కర్లేదు. ఆ ఇంట్లో ఏ మాటకు ఏమవుతుందో, తాళంచెవి ఏ శబ్దంతో తిరిగితే ఆ రాత్రి ఎలా గడుస్తుందో ఆమెకు తెలిసినంతగా ఏ ప్రొఫెసరుకీ తెలియదు. కొన్నాళ్ళుగా ఆ లెక్కతోనే ప్రాణం నిలుపుకుంటోంది. మీరు "వచ్చెయ్" అన్నప్పుడు ఆ లెక్కలన్నీ ఒక్కసారి చూసుకుని ఉంటుంది. వస్తే పిల్లలెక్కడ, అతను మీ ఇంటికొచ్చి గొడవ చేస్తే మీ పరిస్థితేంటి, నాలుగు రోజుల తర్వాత మీరే "ఇక సర్దుకో" అంటే ఎటు పోవాలి? ఒక్కటీ తేలలేదు. మాట వెనక్కి తీసుకుంది. లేదా ఆ ఫోన్ సంభాషణ అతనికి తెలిసింది. ఈ రెండోది కూడా మనసులో పెట్టుకోండి.

ఆఫీసులూ ఆస్పత్రుల గురించి పెద్దగా రాయను, మీకు తెలియనిది కాదు. ఒకటే చూడండి. చేతికి కట్టు కట్టించుకోడానికి వచ్చిన భార్య పక్కనే భర్త నిలబడి "మెట్ల మీద జారిందండీ" అని చెప్తుంటాడు. డాక్టర్ తలెత్తకుండా రాసుకుంటాడు. ఒక్క నిమిషం "మీరు కాస్త బయట కూర్చోండి" అంటే చాలు. అనడు. ఫిర్యాదు ఇవ్వడానికి వెళ్తే రాజీ చేసి పంపుతారు, ఆ రాజీ కాగితంతో ఆమె అదే ఇంటికి వెళ్తుంది. భర్త వీసా మీద పరాయి దేశంలో ఉన్నవాళ్ళకూ, మందులకీ స్నానానికీ అతని మీదే ఆధారపడ్డ వికలాంగులకూ ఈ గోడలు ఇంకా ఎత్తు.

సరే, మీరేం చెయ్యాలి? ముందు దారి మళ్ళీ తెరవండి. నేను రాసింది అక్కకు ఫార్వర్డ్ చేయకండి. హింస గురించి ఒక్క ముక్క కూడా మెసేజ్‌లో పెట్టకండి, ఆ ఫోన్ ఎవరు చూస్తారో మనకు తెలియదు. మామూలు కబుర్లు పంపండి, పాత ఫొటో పంపండి, జవాబు రాకపోయినా ఉక్రోషపడకండి. పంతానికి పోయి మాట్లాడటం మానేస్తే అతనికి కావల్సింది మీరే చేసిపెట్టినట్టు. మనిషిగా కలిసే వీలు చూసుకోండి, ఇద్దరే ఉండేలా. అప్పుడు కూడా ప్రశ్నల వర్షం వద్దు. "ఆ రోజు నువ్వు చెప్పింది నేను నమ్మాను. నీ తప్పేం లేదు. ఏం చేద్దామో నువ్వు చెప్పు, నేనెవరితోనూ అనను." ఇంతే. ఆమె "ఏం లేదు" అంటే, "సరే, ఎప్పుడైనా ఉంటే నేనున్నాను" అని వేరే మాటలోకి వెళ్ళిపోండి. ఆ రోజుకి అది చాలు. చిరాకు పడకుండా విన్నారన్నది ఆమెకు గుర్తుంటుంది.

తను మాట్లాడటం మొదలుపెడితే కొన్ని విషయాలు మాత్రం తప్పకుండా అడగండి. ఎప్పుడైనా గొంతు పట్టుకున్నాడా? చంపుతాననో, తనే చస్తాననో అన్నాడా? ఇంట్లో ఆయుధం ఉందా? దెబ్బలు ఈమధ్య తరచుగా పడుతున్నాయా? గొంతు నులిమిన సంగతి చెప్తే, పైకి మచ్చ కనిపించకపోయినా, డాక్టర్‌కి చూపించాలి. లోపల రక్తనాళాలకు దెబ్బ తగిలి కొన్ని రోజుల తర్వాత ప్రమాదం రావచ్చు. వీటిలో దేనికి అవునన్నా, బయటికి రావడం ఒక్క పూటలో తీసుకునే నిర్ణయం కాకూడదు. మీరుండే చోట హెల్ప్‌లైన్‌కి ముందు మీరే ఫోన్ చేసి మాట్లాడొచ్చు, అక్క పేరు చెప్పక్కర్లేదు. సర్టిఫికెట్లు, గుర్తింపు కార్డులు, పిల్లల కాగితాల నకళ్ళు మీ దగ్గర దాచండి. ఫోన్లో మామూలుగా అన్నట్టే ఉండే మాట ఒకటి ఇద్దరూ అనుకోండి, అది అంటే మీరు పోలీసులకు ఫోన్ చేయాలని అర్థం. ఆమె ఫోన్లో నిఘా యాప్ ఉందని అనుమానమొస్తే గబుక్కున తీసెయ్యకండి, తీసిన సంగతి అతనికి తెలిసిపోతుంది. ముఖ్యమైన ఫోన్లు ఆఫీసు నంబరు నుంచో, మీ ఫోన్ నుంచో చేసుకోనివ్వండి.

ఒకసారి బయటికొచ్చి మళ్ళీ వెళ్ళిపోవచ్చు కూడా. మా దగ్గర అలా వెళ్ళినవాళ్ళు చాలామందే ఉన్నారు. వెళ్ళేటప్పుడు మేం తలుపు దాకా వెళ్ళి పంపిస్తాం, మళ్ళీ వచ్చినప్పుడు పాత లెక్కలు తియ్యం. వెళ్ళొచ్చిన ప్రతిసారీ వాళ్ళకు ఏదో ఒకటి తెలుస్తుంది, లాయర్ ఎవరో, ఖాతా ఎలా తెరవాలో, ఏ స్నేహితురాలు నిలబడుతుందో. మీరు కూడా "ఇంత చేస్తే మళ్ళీ అక్కడికే పోయింది" అనకండి.

అమ్మానాన్నల సంగతి. అక్కని అడగకుండా చెప్పకండి. నాన్నగారు ఆవేశంగా బావకి ఫోన్ చేస్తే, ఆ కోపానికి బదులు చెప్పుకోవాల్సింది ఆ రాత్రి అదే ఇంట్లో ఉండే మీ అక్క. అమ్మగారు "పిల్లల మొహం చూసి ఓర్చుకో" అంటే, ఇక మీతో కూడా మాట్లాడదు. "అమ్మకి చెప్పమంటావా, నాన్నకి చెప్పమంటావా, ఎవరికి ఏం చెప్పాలి?" అని తననే అడగండి. ఎన్నాళ్ళుగానో ఏ విషయంలోనూ ఆమె మాట చెల్లలేదు, ఇక్కడైనా చెల్లనివ్వండి. దీనికి ఒక్కటే మినహాయింపు: ప్రాణం మీదికొచ్చిందని మీకు తెలిస్తే అనుమతి కోసం ఆగొద్దు, అమ్మానాన్నల కన్నా ముందు పోలీసులకు ఫోన్ చేయండి.